పెరటి తాబేలు పుట్టిల్లు

తాబేలు అనగానే పిల్లలకు మొదట గుర్తుకు వచ్చేది దాని నెమ్మది నడక. కుందేలుతో పందెం వేసి గెలిచిన తాబేలు కథ అందరికీ తెలుసు. నోరు అదుపులో పెట్టుకోలేక, నోటితో పట్టుకున్న కర్రను వదిలి ఆకాశం నుంచి పడిపోయిన తాబేలు కథను అమ్మమ్మలు, నాయనమ్మలు చెబుతూనే ఉంటారు. నాందేడ్ జిల్లాలో తెలుగువారు దీనిని తాబేలు అంటే, పొరుగింటి మరాఠీవారు కాసవ్ అంటారు. మహారాష్ట్రలోని చాలా గుడులలో దేవుని ఎదుట నేలమీద చెక్కిన రాతి తాబేలు కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీకూర్మంలో విష్ణుమూర్తిని కూర్మరూపంలోనే కొలుస్తారు. కథలలోను, గుడులలోను ఇంత చనువుగా కనిపించే ఈ ప్రాణిని కొందరు ఇంట్లోనే పెంచుకోవాలని ముచ్చట పడతారు.

అలా ఇళ్లలోకి చేరే తాబేళ్లలో అందరినీ ఎక్కువగా ఆకర్షించేది ఒకటుంది. దాని వీపు గోపురంలా ఎత్తుగా ఉంటుంది. నల్లని చిప్పమీద పసుపుపచ్చని చారలు నక్షత్రాలలా మెరుస్తాయి. ఆకు అందిస్తే మెడ చాచి కొరుకుతుంది. చేయి తగిలితే తల, కాళ్లు లోపలికి ముడుచుకుంటుంది. అరవదు, కరవదు, పారిపోదు. “ఇది ఎక్కడిది?” అని అడిగితే “బజారులో కొన్నాం” అనో, “తెలిసినవాళ్లు తెచ్చి ఇచ్చారు” అనో జవాబు వస్తుంది. కాని ఏ తాబేలూ బజారులో పుట్టదు. అంతకు ముందు దానికి ఒక నేల ఉంది, కొన్ని పొదలు ఉన్నాయి, దానికి తెలిసిన ఎండా వానా ఉన్నాయి. దాని పుట్టిల్లు ఏదో తెలిస్తేనే అది ఎలాంటి ప్రాణో అర్థమవుతుంది.

నీటి తాబేలు, మెట్ట తాబేలు

తాబేళ్లు సరీసృపాల జాతికి చెందినవి. పాములు, బల్లులు, మొసళ్లు వీటి దూరపు చుట్టాలు. భూమిమీద తాబేళ్లు 20 కోట్ల సంవత్సరాలకు పైగా జీవిస్తున్నాయి. తాబేటి చిప్ప పైన తొడుక్కున్న చొక్కా వంటిది కాదు. అది దాని పక్కటెముకలు, వెన్నెముక కలిసిపోయి ఏర్పడిన ఎముకల పెట్టె. అందువల్ల తాబేలు ఎప్పుడూ చిప్పను విడిచి బయటకు రాలేదు. చిప్పమీద గీసినా, కొట్టినా ఆ బాధ దానికి తెలుస్తుంది.

తాబేళ్లన్నీ ఒక్క చోట బతికేవి కావు. కొన్ని సముద్రంలో ఉంటాయి. కొన్ని నదులు, చెరువులలో ఉంటాయి. కొన్ని పూర్తిగా నేలమీదనే బతుకుతాయి. నేలమీద బతికే వాటిని మెట్ట తాబేళ్లు అంటారు. వాటి కాళ్లను చూస్తే తేడా తెలిసిపోతుంది. నీటి తాబేటి వేళ్ల మధ్య ఈదడానికి పనికివచ్చే పలుచని చర్మం ఉంటుంది. దాని చిప్ప సాధారణంగా చదునుగా ఉంటుంది. మెట్ట తాబేటి కాళ్లు బొద్దుగా, చిన్న ఏనుగు కాళ్లలా ఉంటాయి. వాటి వేళ్ల మధ్య అలాంటి చర్మం ఉండదు. దానికి ఈత రాదు.

నాందేడ్ గోదావరి ఒడ్డున వెలసిన ఊరు. జిల్లాలోని చెరువులకు, కాలువలకు సహజంగా సరిపోయేవి నీటి తాబేళ్లు. వాటిలో దేశమంతటా విరివిగా కనిపించేది మెత్తని తోలువంటి చిప్ప గల తాబేలు. దాని పొట్టకింద వెనుకవైపు రెండు రేకులు ఉంటాయి. కాళ్లు లోపలికి ముడుచుకోగానే ఆ రేకులు తలుపుల్లా మూసుకుంటాయి. ఎండాకాలంలో చెరువు ఎండిపోతే అది బురదలో దూరి వానలకోసం ఎదురుచూస్తుంది. నత్తలను, కప్పలను, చచ్చిన చేపలను తిని నీటిని శుభ్రంగా ఉంచుతుంది. చెరువు గట్టున ఎండ కాచుకుంటూ, మనిషి అడుగుల చప్పుడు వినగానే నీళ్లలోకి జారిపోయే తాబేలు ఇలాంటిదే.

నక్షత్రాల చిప్ప గల తాబేలు మాత్రం వేరు. అది మెట్ట తాబేలు. దానిని నక్షత్ర తాబేలు అంటారు. జర్మనీకి చెందిన యోహాన్ డేవిడ్ షోఫ్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1795లో దీనిని శాస్త్రీయంగా వర్ణించాడు. దీని శాస్త్రనామం జియోకెలోన్ ఎలిగాన్స్. అందులో మొదటి మాటకు గ్రీకు భాషలో ‘నేల తాబేలు’ అని, రెండవ మాటకు లాటిన్ భాషలో ‘సొగసైనది’ అని అర్థం.

మూడు పుట్టిళ్లు

నక్షత్ర తాబేళ్లు సహజంగా జీవించే ప్రాంతాలు ముఖ్యంగా మూడు. మొదటిది వాయవ్య భారతం. గుజరాత్, రాజస్థాన్‌లలోని పొడి నేలలు, వాటికి ఆనుకుని ఉన్న పాకిస్తాన్‌లోని సింధు ప్రాంతం ఇందులోకి వస్తాయి. రెండవది దక్షిణ భారతం. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, తూర్పు కర్ణాటకలలో ఇవి ఉన్నాయి. మూడవది శ్రీలంక.

పటంలో ఈ మూడు చోట్లను గుర్తిస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. నాందేడ్ వీటిలో దేనిలోనూ లేదు. దక్షిణాన రాయలసీమలోని కడప ఇక్కడికి సూటిగా కొలిచినా 500 కిలోమీటర్లకు పైగా దూరం. తాబేలు తన చిన్న కాళ్లతో నడిచి అంత దూరం రాలేదు. కనుక నాందేడ్‌లోనో, ధర్మాబాద్‌లోనో, దెగ్లూరులోనో ఒక పెరట్లో నక్షత్ర తాబేలు కనిపిస్తే దానిని ఎవరో మోసుకుని వచ్చారనే అనుకోవాలి. సంచిలోనో, పెట్టెలోనో దాని ప్రయాణం సాగి ఉంటుంది.

ఇక దాని పుట్టింటి సంగతి చూద్దాం. రాయలసీమలోని కడప, చిత్తూరు, అనంతపురం ప్రాంతాలు వాన తక్కువగా పడే మెట్ట నేలలు. రాళ్ల గుట్టలు, ముళ్ల పొదలు, మధ్య మధ్య గడ్డి బీళ్లు, వాటి పక్కన వేరుసెనగ చేలు అక్కడ కనిపిస్తాయి. రేగు, తుమ్మ, బలుసు వంటి చెట్లు, నాగజెముడు డొంకలు ఉంటాయి. ఎండాకాలంలో నేల కాలిపోతుంది. పైకి చూసేవారికి అది ఏమీ లేని బీడుగా తోస్తుంది. కాని నక్షత్ర తాబేటికి కావలసినవన్నీ అక్కడ ఉన్నాయి. గడ్డి, లేత ఆకులు, రాలిన పండ్లు, పూలు దాని ఆహారం. ఎప్పుడైనా పురుగులను, చచ్చిన ప్రాణులను కూడా తింటుంది. పండ్లను తిని వాటి గింజలను వేరొకచోట విసర్జిస్తుంది. ఆ విధంగా మొక్కలు కొత్త చోట్ల మొలవడానికి సాయపడుతుంది.

ఎండలు మండే రోజులలో అది ఉదయం, సాయంత్రం మాత్రమే బయట తిరుగుతుంది. మిగిలిన వేళ పొదకింద, గడ్డి దుబ్బుల మధ్య కదలకుండా పడి ఉంటుంది. నల్లని చిప్పమీద పసుపు చారలు ఎందుకున్నాయో అప్పుడు తెలుస్తుంది. ఎండుగడ్డి సందులలోనుంచి పడే ఎండ చారలు, నీడ చారలు ఆ చిప్పమీది గీతలతో కలిసిపోతాయి. అంగడిలో అందరి కళ్లనూ లాగే ఆ నక్షత్రాలు, తన సొంత నేలమీద దానిని ఎవరి కంటా పడకుండా దాచుతాయి.

దాని గోపురంవంటి ఆకారం కూడా ఊరికే వచ్చింది కాదు. వెల్లకిలా పడిన తాబేలు తిరిగి లేవలేకపోతే ఎండకో, నక్కకో బలి అవుతుంది. చదునైన చిప్ప గల తాబేలు మెడను నేలకు ఆనించి, బలంగా తోసుకుని లేవాలి. ఎత్తైన చిప్ప గలది కొద్దిగా ఊగితే చాలు, తనంతట తానే పక్కకు దొర్లుతుంది. హంగేరీ దేశానికి చెందిన గాబోర్ డొమోకోష్, పీటర్ వార్కొన్యి అనే శాస్త్రజ్ఞులు ఎలా పడేసినా ఒకే భంగిమలోకి వచ్చి నిలిచే ఒక ఘనాకారాన్ని 2006లో కనుగొన్నారు. లోపల ఎక్కడా అదనపు బరువు పెట్టకుండానే అది నిలుస్తుంది. తరువాత వారు అనేక తాబేళ్ల చిప్పలను కొలిచి చూశారు. ఆ ఆకారానికి చాలా దగ్గరగా వచ్చిన వాటిలో మన నక్షత్ర తాబేలు ఒకటి. మనుషులు లెక్కలు కట్టి సాధించిన దానిని ప్రకృతి ఎప్పుడో ముళ్ల పొదలలో తయారుచేసి ఉంచింది.

వానలు పడగానే ఈ తాబేళ్లలో చురుకు పుడుతుంది. చిరుజల్లులో తిరుగుతాయి, మేస్తాయి, జత కడతాయి. గుడ్లు పెట్టే వేళకు ఆడ తాబేలు గట్టి నేలను తన మూత్రంతో తడిపి మెత్తబరుస్తుంది. వెనుక కాళ్లతో గుంట తవ్వుతుంది. కొద్దిపాటి గుడ్లు పెట్టి, మట్టి కప్పి, తన పొట్టచిప్పతో నేలను అదిమి చదును చేస్తుంది. ఆ తరువాత అది వాటిని కాపలా కాయదు. నేల వేడే గుడ్లను పొదుగుతుంది. పుట్టబోయేది ఆడదా మగదా అన్నది కూడా ఆ మట్టిలోని వేడిని బట్టే ఉంటుంది. నెలల తరువాత నాలుగు సెంటీమీటర్లయినా లేని పిల్లలు మట్టిని తోసుకుని బయటకు వస్తాయి. వాటిలో చాలా పిల్లలు ముంగిసలకు, ఉడుములకు, పక్షులకు ఆహారమైపోతాయి. బతికినవి గుడ్లు పెట్టే వయసుకు రావడానికి ఏళ్లు పడుతుంది.

ఈ చివరి మాట ముఖ్యమైనది. ఎలుకలు, కుందేళ్లు త్వరగా పెరుగుతాయి, ఎక్కువ పిల్లలను కంటాయి. వాటి సంఖ్య తగ్గినా కొద్దికాలంలో పుంజుకుంటుంది. తాబేలు అలా కాదు. నెమ్మదిగా పెరిగి, ఎక్కువకాలం బతికి, ఏటా కొన్ని గుడ్లు పెట్టి తన జాతిని నిలుపుకుంటుంది. అలాంటి ప్రాణిని ఒక బీడునుంచి ఏరుకుపోతే ఆ ఖాళీ పూడడానికి చాలా ఏళ్లు కావాలి.

సంచులలో ప్రయాణం

మనుషులు చేస్తున్నది సరిగ్గా అదే. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక సరిహద్దులలోని ఒక్క వ్యాపార కేంద్రం పరిధిలోనే ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లను పట్టుకుంటున్నారని 2015లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. అంటే రోజుకు సుమారు 150 తాబేళ్లు. పొలాల పక్కన ఏరిన వాటిని చేతులు మార్చి నగరాలకు చేరుస్తారు. కదలకుండా గుడ్డలలో చుట్టి, పెట్టెలలో ఒకదానిపై ఒకటి పేర్చి విదేశాలకు పంపుతారు. దారిలోనే కొన్ని చనిపోతాయి. ఇదంతా ఎవరో ఒకరి ఇంట్లో ముచ్చటగా పెంచుకోవడానికే. ఇంట్లో ఉంటే సంపద కలుగుతుందనే నమ్మకం కూడా కొందరిని కొనేలా చేస్తుంది. కొనేవారు ఉన్నంతకాలం పట్టేవారూ ఉంటారు.

ఇంటికి చేరిన తాబేలు సుఖపడుతుందా? దాని పుట్టింటితో పోల్చి చూస్తే జవాబు దొరుకుతుంది. అక్కడ దానికి పొడి నేల, తగినంత ఎండ, పీచు ఎక్కువగా ఉండే గడ్డి ఉన్నాయి. ఇక్కడ నున్నని గచ్చు, గది నీడ, అన్నం మెతుకులు, రొట్టె ముక్కలు దొరుకుతాయి. ఎండ, సున్నపు ధాతువు చాలక చిప్ప మెత్తబడుతుంది లేదా వంకరగా పెరుగుతుంది. తేమవల్ల ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి. తాబేలు కదా అని కొందరు దానిని నీళ్ల తొట్టిలో వేస్తారు. ఈత రాని ఆ ప్రాణికి అది ప్రాణాపాయం. కుక్కలా అరిచి, పిల్లిలా మూలిగి తన బాధ చెప్పుకోలేదు కనుక జబ్బు ముదిరేదాకా ఎవరికీ తెలియదు. అది కదలకుండా ఉంటే, నెమ్మది దాని స్వభావమే కదా అనుకుంటారు.

తిరుగు ప్రయాణం

పట్టుబడిన తాబేళ్లను తెచ్చి అడవిలో వదిలిపెడితే సరిపోదా అని ఎవరికైనా అనిపించవచ్చు. అది అనుకున్నంత తేలిక కాదు. భారతదేశంనుంచి దొంగతనంగా తరలించిన కొన్ని నక్షత్ర తాబేళ్లు సింగపూరులో పట్టుబడగా, వాటిని తిరిగి హైదరాబాదుకు పంపారు. వాటిని ఎక్కడ వదలాలి? గుజరాత్‌లోనా? రాయలసీమలోనా? తాబేళ్లు నోరు విప్పి తమ ఊరు చెప్పలేవు. అప్పుడు హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం శాస్త్రజ్ఞులు వాటి జన్యుపదార్థాన్ని పరీక్షించారు. అజయ్ గౌర్, ఆయన సహచరులు చేసిన ఆ పరిశీలన 2006లో ప్రచురితమయింది. ఒక ప్రాంతపు తాబేళ్లు తరతరాలుగా తమలో తామే జతకడుతూ ఉండడంవల్ల, వేరొక ప్రాంతపు తాబేళ్లకు వాటికి మధ్య జన్యుపదార్థంలో తేడాలు ఏర్పడతాయి. ఆ తేడాలే వాటి పుట్టింటి చిరునామా. అయితే ఇలాంటి పరీక్ష ప్రాంతాన్ని స్థూలంగా సూచించగలదే తప్ప, ఫలానా ఊరి ఫలానా బీడు అని చెప్పలేదు.

చిరునామా తెలియకుండా ఎక్కడపడితే అక్కడ వదిలితే రెండు నష్టాలు ఉన్నాయి. వేరు వేరు ప్రాంతాల తాబేళ్లు కలిసిపోయి, ఆయా నేలలకు తగినట్లు రూపొందిన ప్రత్యేకతలు చెరిగిపోవచ్చు. ఇళ్లలో, పెట్టెలలో అంటుకున్న రోగాలు అడవిలో ఆరోగ్యంగా ఉన్న తాబేళ్లకు సోకవచ్చు. అందుకే 2018 నవంబరులో సింగపూరునుంచి బెంగుళూరుకు 51 నక్షత్ర తాబేళ్లను విమానంలో తెచ్చినప్పుడు వాటిని వెంటనే అడవిలో వదిలివేయలేదు. ముందు విడిగా ఉంచి, ఆరోగ్యం పరీక్షించి, నెమ్మదిగా బయటి జీవితానికి అలవాటు చేసే పద్ధతిని ఎంచుకున్నారు. ఒక తాబేలును బీడునుంచి ఎత్తుకుపోవడానికి ఒక్క నిమిషం చాలు. దానిని తిరిగి బీడుకు చేర్చడానికి శాస్త్రజ్ఞులు, పశువైద్యులు, అటవీ ఉద్యోగులు, రెండు దేశాల ప్రభుత్వాలు పూనుకోవలసి వచ్చింది.

ఈ కారణాలవల్లనే చట్టం కఠినమయింది. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించినప్పుడు నక్షత్ర తాబేలును పులి, ఏనుగులతోపాటు మొదటి షెడ్యూలులో చేర్చారు. దానిని పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. నేరం రుజువైతే మూడేళ్లకు తగ్గని జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా పడుతుంది. 2019లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ సమావేశం కూడా ఈ తాబేళ్లతో దేశాల మధ్య వ్యాపారాన్ని నిషేధించే జాబితాలో దీనిని చేర్చింది.

సముద్రాల అవతలి తాబేలు

చట్టం భయంతో కొందరు మన తాబేళ్లను వదిలి, అంగళ్లలో దొరికే విదేశీ తాబేళ్లను కొంటున్నారు. రూపాయి బిళ్లంత ఆకుపచ్చని పిల్ల, కంటి వెనుక ఎర్రని చార దాని గుర్తు. దాని పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతం. చిన్నప్పుడు గాజుతొట్టిలో ముద్దుగా ఉండే ఆ తాబేలు కొన్నేళ్లలో పళ్లెమంత అవుతుంది. అప్పుడు దానిని సాకలేక చెరువులోనో, నదిలోనో వదిలివేస్తారు. అది కొత్తచోట బాగానే బతుకుతుంది. చిక్కు కూడా అదే. మన నీటి తాబేళ్ల తిండికి, ఎండ కాచుకునే చోట్లకు అది పోటీకి వస్తుంది. ప్రపంచంలో స్థానిక ప్రాణులకు ఎక్కువ హాని చేసే 100 పరదేశి జాతుల పట్టికలో దాని పేరు ఉంది.

నక్షత్ర తాబేలును గోదావరిలో వదిలితే అది మునిగిపోతుంది. మిసిసిపీ తాబేలును గోదావరిలో వదిలితే గోదావరి తాబేళ్లకు ముప్పు వస్తుంది. రెండు సందర్భాలలోనూ వదిలినవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని ఏ ప్రాణికి ఏది పుట్టిల్లో తెలియకుండా చూపిన జాలి కూడా కీడే చేస్తుంది.

కాబట్టి నాందేడ్ వంటి చోట ఎక్కడైనా నక్షత్ర తాబేలు కనిపిస్తే దానిని కొనకూడదు, నీళ్లలో వేయకూడదు, గుట్టల్లోకి తీసుకుపోయి వదలకూడదు. పెద్దలకు చెప్పి అటవీశాఖకు తెలియజేయాలి. మహారాష్ట్ర అటవీశాఖ ఇందుకోసం 1926 అనే ఉచిత ఫోను నంబరును ఏర్పాటు చేసింది. దొరికిన చోటు, తెచ్చిన ఊరు ఏమాత్రం తెలిసినా చెప్పాలి. ఆ ఒక్క వివరమే ఆ తాబేలును తిరిగి ఇల్లు చేర్చే దారి కావచ్చు.

తాబేలును చూడాలన్న ముచ్చట తీరడానికి దానిని ఇంటికి తేనవసరం లేదు. వానాకాలం తరువాత నిండిన చెరువు గట్టున చప్పుడు చేయకుండా కాసేపు కూర్చుంటే చాలు. నీటిమీద ముందు ఒక చిన్న ముక్కు తేలుతుంది. తరువాత మెడ కనిపిస్తుంది. చుట్టూ ఒకసారి చూసి, భయం లేదనుకున్నాక ఆ తాబేలు మెల్లగా ఒక రాయి ఎక్కుతుంది. అది తన ఇంట్లో తాను ఉన్న తాబేలు.